మన ఊరి సర్కారు భూమి: వనరుల లెక్క ఎలా తీయాలి? నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

"మా ఊళ్ళో నలభై ఎకరాల సర్కారు భూమి ఉంది సార్, ఏం పెడితే బాగుంటుంది?" అని ఫోన్ చేసేవాళ్ళు ఎక్కువ. ఆ భూమిలో ఇప్పుడేముంది, ఎవరు వాడుకుంటున్నారు అని తిరిగి అడిగితే "ఏం లేదు సార్, ఖాళీనే" అంటారు. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి పాలమూరు జిల్లాల్లో గ్రామ కమిటీలతో కలిసి ఇలాంటి భూముల లెక్క తీసే పని కొన్నేళ్ళుగా చేస్తున్నాను. నిజంగా ఖాళీగా ఉన్న సర్కారు భూమి నాకైతే ఇంతవరకు కనపడలేదు. సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, యువజన సంఘాల పిల్లలు, అప్పుడప్పుడు గొర్ల కాపరులు అడిగిన ప్రశ్నలు ఇవి. కొన్నిటికి జవాబు పొడుగైంది, ఓపిక పట్టండి.

సర్కారు భూమి అంటే అంతా ఒకటే కదా?

కాదు. గొడవంతా ఆ ఒక్క మాట దగ్గరే మొదలవుతుంది. పశువుల మేతకు వదిలిన నేలను మన రికార్డుల్లో బంచరాయి అనో గైరాన్ అనో రాస్తారు. చెరువులో నీళ్ళు నిలిచే నేల శిఖం. వాగులు, బండ్ల బాటలు, శ్మశానాలు పోరంబోకు కిందికి వస్తాయి. వెనకటి పట్టాదారు వదులుకుంటే ఖాతాలోంచి తీసేసి సర్కారులో కలిపిన భూమి ఖారిజ్ ఖాతా. భూపరిమితి చట్టం కింద తీసుకున్న సీలింగ్ మిగులు భూమి వేరు, పేదలకు అసైన్ చేసిన (అమ్ముకోకుండా సాగు చేసుకొమ్మని ఇచ్చిన) భూమి వేరు. భూదాన్‌ది ఇంకో కథ. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడిన రోజు నుంచి ఆ పద్దు మొదలైంది. అది సర్కారుదా, పంచి ఇచ్చినవాళ్ళదా అన్న పంచాయితీ ఇప్పటికీ తెగని ఊళ్ళున్నాయి.

పేరు మారితే పెత్తనం మారుతుంది. శిఖంలో ఏం చేయాలన్నా నీటిపారుదల శాఖను అడగాలి. రిజర్వు ఫారెస్టు అటవీ శాఖది. మిగతావాటికి చాలావరకు తహసీల్దారు ఆఫీసే దిక్కు. పంచాయతీ తీర్మానం ఒక్కటి చేతిలో పెట్టుకొని శిఖంలో ఫంక్షన్ హాలుకు ముగ్గు పోసిన ఊరు నాకు తెలుసు. పునాది గుంతల్లో ఇప్పుడు కప్పలున్నాయి.

ఒక చిన్న జాగ్రత్త. రెవెన్యూవాళ్ళు ఎకరాలు, గుంటల్లో రాస్తారు. అటవీవాళ్ళు హెక్టార్లలో రాస్తారు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు, హెక్టారుకు సుమారు రెండు ఎకరాల పంతొమ్మిది గుంటలు. రెండు కాగితాలనూ ఒకే కొలతలోకి మార్చకుండా కూడికలు చేసి, ఊళ్ళో అసలు లేని భూమిని కూడా ఉందని చూపించిన రిపోర్టులున్నాయి.

రికార్డులో "సాగుకు పనికిరానిది" అని ఉంది. ఇంక చూసేదేముంది?

చూడాల్సింది అక్కడే ఎక్కువ. మన దేశంలో భూవినియోగాన్ని తొమ్మిది పద్దుల్లో రాసే పద్ధతి ఉంది: అడవులు, వ్యవసాయేతర వినియోగం, బీడు-సాగుకు పనికిరానివి, శాశ్వత పచ్చికబయళ్ళు, చెట్లు-తోపులు, సాగుయోగ్యమైన బంజరు, పాత పడావు, ప్రస్తుత పడావు, నికరంగా విత్తిన నేల. ఒక్క ఏడాది విత్తకపోతే ప్రస్తుత పడావు. ఏడాది దాటి అయిదేళ్ళ దాకా అయితే పాత పడావు. అయిదేళ్ళు దాటిందంటే బంజరు పద్దులోకి పోతుంది. ఈ పద్దులన్నీ నాగలి ఆడిందా లేదా అన్నదొక్కటే చూస్తాయి. మేక మేసిందా, సీతాఫలం కాసిందా, వాన నీళ్ళు ఇంకాయా అన్నవాటికి వాటిలో గడి లేదు.

నేను చేసిన తప్పొకటి చెప్తాను. పాలమూరు వైపు ఒక ఊళ్ళో మే నెలలో నడిచి, ఒక మూలనున్న పదకొండు ఎకరాలను "బండనేల, వినియోగం లేదు" అని రాసేశాను. సెప్టెంబరులో వేరే పని మీద అదే బాట పట్టాను. బండల మధ్య పల్లంలో మోకాలి లోతు నీళ్ళున్నాయి. నాలుగు బర్రెలు పడుకొని ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు గొంగళ్ళు ఉతుకుతున్నారు. ఒడ్డున కూర్చున్న ముసలాయనకు నా రాత సంగతి చెప్తే నవ్వి, "ఎండకాలంల వచ్చి చూసిన్రా సారూ? ఎండకాలంల మా ఇల్లు గూడ ఖాళీగనే ఉంటది. అందరం బొంబాయి పోతం" అన్నాడు. ఆ రోజు నుంచి ఒక్క సీజన్ చూసి ఏ కాగితమూ నింపలేదు.

ముందు కాగితాలు చూడాలా, ముందు నడవాలా?

కాగితాలే ముందు. కానీ వాటిని నమ్మడానికి కాదు, నడిచేటప్పుడు ఏం అడగాలో తెలియడానికి. తహసీల్దారు ఆఫీసులో గ్రామ నక్షా (ఊరి పటం), సేత్వార్ (సర్వే నంబర్ల మొదటి రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ నంబరు ఎవరిదో, ఎవరు దున్నుతున్నారో రాసిన పుస్తకం), ఆ తర్వాతి పహాణీల్లో కనీసం పదేళ్ళకు ఒకటి చొప్పున నకళ్ళు తీసుకోండి. సర్వే కొలతలున్న టిప్పన్ దొరికితే అదృష్టమే. ఈ రికార్డుల వెనకున్న భూమి శిస్తు చట్టం నిజాం కాలపు లెక్కలో 1317 ఫసలీ నాటిది, అంటే 1907. అందుకే తరి, ఖుష్కీ లాంటి మాటలు ఇంకా కనపడతాయి. తరి అంటే నీటి పారుదల ఉన్న నేల, ఖుష్కీ అంటే మెట్ట.

2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి పోర్టల్ మొదలైంది. ఆన్‌లైన్‌లో ఏముందో తప్పకుండా చూడండి, నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టికలో) ఆ సర్వే నంబరు ఉందో లేదో కూడా చూడండి. కానీ స్క్రీన్ మీద ఒక్కో సర్వే నంబరుకు ఒక వరసే కనపడుతుంది, డెబ్బై ఏళ్ళలో ఏం జరిగిందో కనపడదు. ఒక ఊళ్ళో 1954-55లో 86 ఎకరాలున్న బంచరాయి ఇప్పుడు 31 ఎకరాలైంది. పోయిన 55 ఎకరాలు ఎటు పోయాయో పాత పహాణీలు వరసగా పెట్టుకుంటే తప్ప తెలియలేదు: కొంత అసైన్‌మెంటు, కొంత ఇండ్ల జాగాలు, కొంత కాలువ, మిగిలింది మాత్రం చెప్పకపోవడమే మంచిది.

ఉపగ్రహ చిత్రాలు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. నడక అవసరమా?

అవసరమే, కానీ చిత్రాలు నడకను సగం తగ్గిస్తాయి. ఇస్రో భువన్ పోర్టల్‌లో భూవినియోగ పటాలు దొరుకుతాయి. అది మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపేదే. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో (నేల ఎత్తుపల్లాలు చూపే పటాల్లో) వాగులు, గుట్టల ఎత్తులు బాగా తెలుస్తాయి.

చిత్రంలో ఒక గడి (పిక్సెల్) నేల మీద ఎంతుంటుందో మాత్రం తెలుసుకోండి. సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన చిత్రంలో గడి 10 మీటర్లకు 10 మీటర్లు, అంటే దాదాపు మన ఒక గుంట. మన ఇస్రో ఉపగ్రహాల పాత లిస్-3 కెమెరా చిత్రాల్లో గడి 23.5 మీటర్లు, అంటే దాదాపు అయిదున్నర గుంటలు. అయిదున్నర గుంటల్లో ఒక ఊటబావి, ఒక మైసమ్మ గుడి, నాలుగు ఈతచెట్లు పడతాయి. చిత్రంలో అదంతా కలిసి ఒకే రంగు.

రెండోది, ఒకే భూమికి రెండు చిత్రాలు తీసుకోండి: అక్టోబరు-నవంబరులో ఒకటి, ఏప్రిల్-మేలో ఒకటి. రెండింటిలోనూ పచ్చగా ఉంటే మంచి అడవి అనుకొని మురిసిపోకండి. మన వైపు నడి ఎండాకాలంలోనూ పచ్చగా ఉండేది ఎక్కువగా సర్కారు తుమ్మే. అసలైన మన అడవి మార్చికల్లా ఆకు రాల్చి మోడుగా నిలబడుతుంది. చిత్రంలో అదే బీడులా కనిపిస్తుంది. ఎర్రగా మోదుగ పూసిన గుట్టను ఒక కుర్రాడు "బీడు" అని గుర్తుపెడితే, దాన్ని సరిచేయించడానికి మళ్ళీ వానాకాలం దాకా ఆగాల్సి వచ్చింది.

నేల ఎలాంటిదో మాకెలా తెలుస్తుంది? ల్యాబ్‌కు పంపాలా?

పంపితే మంచిదే, కానీ ముందు గుంత తీయండి. భూమి వాలు మారిన ప్రతిచోటా మోకాలి లోతు గుంత చాలు. పై మట్టి ఎంత లోతుందో, ఎక్కడ మొరం తగిలిందో టేపుతో కొలిచి రాసుకోండి. మన గుట్టల పక్కన జానెడు ఎర్ర చెల్క, దాని కింద మొరం, ఆ కింద బండ. వాగు పక్కకు వచ్చేసరికి అదే చెల్క రెండు మూరల లోతుంటుంది. కృష్ణ, భీమ వైపు, అంటే గద్వాల, మక్తల్ దగ్గరికి పోతే నల్లరేగడి తగులుతుంది. ఎండాకాలంలో పగుళ్ళలో చెప్పు దిగబడేంత సందులుంటాయి.

మట్టిని తడిపి వేళ్ళ మధ్య తాడులా పేనండి. తాడు రాకుండా విరిగిపోతే ఇసుకపాలు ఎక్కువ, సన్నగా సాగితే బంకపాలు ఎక్కువ. తెల్లటి పొర కనపడితే చౌడు అని ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు.

నేల సామర్థ్యాన్ని ఎనిమిది తరగతులుగా విడదీస్తారు. మొదటి నాలుగూ సాగుకు, అయిదు నుంచి ఎనిమిది దాకా మేతకు, చెట్లకు, జంతువులకు. ఎనిమిదోది బండగుట్ట. సర్కారు చేతిలో మిగిలినవి ఎక్కువగా ఆరు, ఏడు తరగతులవే, ఎందుకంటే మంచివి ఎప్పుడో పట్టా అయిపోయాయి. అలాంటి నేలలో పండ్లతోట వేద్దామంటే మూడేళ్ళు ట్యాంకరుతో నీళ్ళు పోయగలరా అని ముందు అడుగుతాను. సాధారణంగా అక్కడితో చర్చ ఆగిపోతుంది.

నీళ్ళ సంగతి ఎంతవరకు చూడాలి?

అన్నిటికంటే ఎక్కువ టైం దీనికే పెట్టండి. ఏడాదికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం మనది, అది కూడా కొన్ని పెద్ద వానల్లోనే పడిపోతుంది. పడిన నీళ్ళు ఎక్కడ నడుస్తాయి, ఎక్కడ నిలుస్తాయి అన్నది సర్కారు భూముల్లోనే రాసి ఉంటుంది: గుట్ట మీద, వాగులో, శిఖంలో.

మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండుతుంది. కాబట్టి మీ ఊరి హద్దుతో లెక్క ఆపకూడదు. పై ఊరి చెరువు అలుగు దగ్గర నుంచి మీ చెరువు దాకా కాలువ వెంట నడవండి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువులే ఒక మంచి వాన పడ్డా నిండలేదంటే, సగం సార్లు కారణం ఆ కాలువలోనే ఉంటుంది. ఎవరో చదును చేసి పత్తి పెట్టి ఉంటారు, లేదా వెంచరు రోడ్డు వేసి కింద చిన్న పైపు పెట్టి ఉంటారు.

ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే హద్దు) రాళ్ళు ఎక్కడున్నాయో వెతకండి. రాయి లేకపోతే అలుగు ఎత్తును పట్టుకొని లెవెల్ మిషన్‌తో చూడొచ్చు. అంతకంటే సులువు, ఊరి బెస్తవాళ్ళను అడగండి. చెరువు నిండినప్పుడు నీళ్ళు ఏ చింతచెట్టు మొదలు దాకా వస్తాయో వాళ్ళకు తెలుసు. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకు తక్కువైతే 9 మీటర్లు బఫర్ వదలాలి.

శిఖంలో ఇంకో సంగతి ఉంది. నీళ్ళు వెనక్కి పోయాక తేలిన నేలలో పుచ్చ, దోస, పశువుల మేత పండిస్తారు. శ్రీశైలం వెనక జలాలు తగ్గాక కొల్లాపూర్ వైపు ఇదే పని పెద్దగా జరుగుతుంది. నీళ్ళున్నప్పుడు చేపలు, నీళ్ళు పోయాక పంట, ఆ తర్వాత మేత: ఒకే నేల, ఏడాదికి మూడు వాడకాలు. మన ఫారంలో మాత్రం "వినియోగం" అన్నదానికి ఒకటే గడి.

ఇక ఫ్లోరైడ్. నల్లగొండలో దీన్ని వదిలి నీళ్ళ మాట మాట్లాడలేం. మన గ్రానైటు రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్ళలో కరుగుతుంది. బోరు లోతుకు పోయే కొద్దీ నీళ్ళు రాయిలో ఎక్కువ కాలం నానినవి వస్తాయి. తాగే నీళ్ళలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. మర్రిగూడ మండలంలో దీనివల్ల వంగిపోయిన నడుములు ఎన్నున్నాయో చూసినవాళ్ళు మరిచిపోరు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచంలో "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. ఇలా పేరు రావడం ఎవరికి సంతోషం? ఇంటింటికీ తాగునీళ్ళిచ్చే మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో ఊరికే పెట్టలేదు. కృష్ణ నీళ్ళు వచ్చాక తాగడం వరకు చాలా ఊళ్ళు బయటపడ్డాయి, కానీ పశువులు, పంటలు ఇంకా బోరు మీదే ఉన్నాయి. కాబట్టి సర్కారు భూమిలో బోరు వేసి ఏదైనా పెట్టాలనుకుంటే ముందు పక్క బోర్ల నీళ్ళు టెస్ట్ చేయించండి. వాన నీటిని ఇంకించే చోటు మీ సర్కారు గుట్టే అయితే, దాన్ని మొరం కోసం తవ్వడమంటే ఊరి బావులను తవ్వి పారేసినట్టే.

చెట్లు, జంతువుల లెక్క ఎవరు తీస్తారు? అది శాస్త్రవేత్తల పని కదా?

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ ఊళ్ళో ఆ రిజిస్టరు బీరువాలో ఉండే ఉంటుంది, అడిగి తెరిపించండి. కొన్ని ఊళ్ళవి చదివితే పక్క జిల్లా చెట్ల పేర్లు కూడా కనపడతాయి, అంటే ఎక్కడిదో చూసి రాసేశారన్నమాట. అలాంటప్పుడు మళ్ళీ రాయడమే.

పేర్ల కంటే వాడకం రాయండి. బాలానగర్ సీతాఫలం ఇప్పుడు ఒక రకంగా పేరు తెచ్చుకుంది, కానీ మన గుట్టల మీది సీతాఫలం ఎవరి తోటలోదీ కాదు. దసరా రోజుల్లో గంపలతో తెచ్చి రోడ్డు పక్కన అమ్ముకొనే కుటుంబాలు ఎన్నో లెక్కపెట్టండి. తంగేడు ఎక్కడ దొరుకుతుంది? బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడపిల్లలు ఏ గుట్టకు పోతారో అడగండి. ఆ గుట్టకు కంచె వేస్తే మరుసటి ఏడాది ప్లాస్టిక్ పూలు వస్తాయి.

జంతువుల్లో కృష్ణజింక చిక్కుప్రశ్న. నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరం మండలాల్లో గుంపులు గుంపులుగా చేలల్లో పడుతున్నాయి. రైతు కోపం న్యాయమైనదే, చట్టం వాటిని ముట్టుకోనివ్వదు. వాటికి కావాల్సింది చెట్ల అడవి కాదు, గడ్డి మైదానం. ఉన్న గడ్డి నేలను బంజరని చెప్పి చెట్లు నాటితే జింక ఇంకా లోపలికి, చేలోకే వస్తుంది.

సర్కారు తుమ్మ తీసేయమని అందరూ అంటారు. నేనూ అంటాను. అయితే దాని బొగ్గు కాల్చి బతికేవాళ్ళు, దాని కంపే పొయ్యి కిందికి తెచ్చుకొనేవాళ్ళు ఊళ్ళో ఎంతమందో ముందు చూడండి. ఒకేసారి జేసీబీ పెట్టకుండా ముక్కలు ముక్కలుగా తీయండి.

ఎవరు వాడుకుంటున్నారో సరిగ్గా తెలిసేదెలా? గ్రామసభలో అడిగితే ఎవరూ నోరు తెరవరు.

గ్రామసభలో అడిగితే తెలియదు. పొద్దున ఆరింటికి ఆ భూమి దగ్గర నిలబడండి, అప్పుడు తెలుస్తుంది. ఒక రోజు పొద్దున, ఒక రోజు మధ్యాహ్నం, ఒక రోజు మాపటేళ. వచ్చిపోయేవాళ్ళను ఆపి మాట్లాడండి. నేను మూడు అడుగుతాను: ఎందుకొచ్చారు, ఏ నెలల్లో వస్తారు, ఇది మూసేస్తే ఎక్కడికి పోతారు. మూడోదానికి వచ్చే జవాబే మీ రిపోర్టులో అసలు విషయం.

గొల్లలు, కుర్మలను తప్పకుండా కలవండి. వాళ్ళు పగలు ఊళ్ళో దొరకరు కాబట్టి సభకు రారు, రాకపోతే వాళ్ళకేం అభ్యంతరం లేదని రాసేస్తారు. 2017లో ప్రభుత్వం ఒక్కో యూనిట్‌కు 20 గొర్లు, ఒక పొట్టేలు సబ్సిడీ మీద ఇచ్చింది. జీవాలు పెరిగాయి, బంచరాయి పెరగలేదు. అమ్రాబాద్ వైపు పొడ తూర్పు పశువులను మేపేవాళ్ళు అడవికి, ఊళ్ళకు మధ్య మందలను తిప్పుతారు. దారిలో నీళ్ళ కుంట ఒక్కటి మూసుకుపోయినా వాళ్ళ దారంతా మారిపోతుంది. పొడ తూర్పు దేశంలో గుర్తింపు పొందిన పశుజాతి. పేరు పట్టికలో ఉంటే సరిపోదు, మేత ఉండాలి.

ఆడవాళ్ళను మగవాళ్ళ ముందు అడగకండి. కట్టెలు, చీపురు గడ్డి, బట్టలు ఉతికే బండ, బహిర్భూమి: ఇవన్నీ వాళ్ళ వాడకాలు, నలుగురిలో చెప్పరు. గీత కార్మికులను ఈతవనం గురించి, చాకలివాళ్ళను రేవు గురించి, మాల మాదిగ వాడల పెద్దలను శ్మశానం గురించి విడివిడిగా అడగండి. ఎవరి శ్మశానం ఎక్కడో నక్షాలో చాలాసార్లు ఉండదు. కట్టమైసమ్మ రాయి అసలే ఉండదు. కానీ దాన్ని కదిలిస్తే ఊరు ఊరంతా లేస్తుంది.

మాది నల్లమల పక్క ఊరు. అడవి భూమికి కూడా ఇదే పద్ధతా?

చూసేవి ఇవే, కానీ చట్టం వేరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకొని ఉంది. అందులో ఎక్కువ భాగం కోర్ ప్రాంతం, అంటే పులుల కోసం గట్టిగా కాపాడే లోపలి అడవి. అదే అడవిలో చెంచు పెంటలు (చెంచుల చిన్న గూడేలు) ఉన్నాయి. తేనె, తపసి జిగురు, గడ్డలు వాళ్ళ బతుకు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు నాలుగు హెక్టార్ల వరకు హక్కు వస్తుంది. దానికంటే అందరూ మరిచిపోయేది సామూహిక హక్కు: ఊరు వాడుకుంటున్న అడవిని కాపాడుకొని నిర్వహించుకొనే హక్కు గ్రామసభకు ఉంది. మీరు తీసే వనరుల లెక్క దానికి సాక్ష్యమవుతుంది, కాబట్టి పాత బాటలు, తేనెపట్టు గుట్టలు, దేవతల చోట్లు జీపీఎస్‌తో గుర్తుపెట్టండి. గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంటే, అక్కడి గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం కూడా గ్రామసభ వైపే నిలబడుతుంది.

బడి, అంగన్‌వాడీ, రోడ్డు లాంటి పదమూడు రకాల పనులకు హెక్టారులోపు అటవీ భూమిని గ్రామసభ సిఫారసుతో ఇవ్వొచ్చు, చెట్లు హెక్టారుకు 75 దాటకుండా. ఇది తెలియక నీళ్ళ ట్యాంకు కోసం ఏళ్ళకేళ్ళు తిరిగిన పెంటలున్నాయి.

భూమి అడుగున ఖనిజం ఉందంటున్నారు. అప్పుడు లెక్క మారుతుందా?

మారుతుంది, చాలా గట్టిగా మారుతుంది. లంబాపురం, పెద్దగట్టు దగ్గర యురేనియం మాట వచ్చినప్పుడు జనం మొదట అడిగింది నాగార్జునసాగర్ నీళ్ళ గురించే. ఆ పక్కనే అక్కంపల్లి రిజర్వాయరు నుంచి హైదరాబాద్ తాగే నీళ్ళు పోతాయి. నల్లమలలో అన్వేషణ మీద గొడవ లేచాక 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఇంత పెద్దవి అందరి కంటా పడతాయి. ఊరి స్థాయిలో ప్రాణం తీసేది మొరం. రాత్రిపూట పది టిప్పర్లు పోతే ఒక గుట్ట భుజం మాయమవుతుంది. లెక్క తీసిన రోజే గుట్టకు నాలుగు వైపుల నుంచి తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టండి.

ఇప్పటికే ఎవరో దున్నుకుంటున్నారు. వాళ్ళను ఆక్రమణదారులని రాయాలా?

తొందరపడి రాయకండి. రెండెకరాల అసైన్డ్ భూమికి కాగితం పోగొట్టుకున్న పేదరైతు, ముప్పై ఎకరాలకు కంచె వేసిన పెద్దమనిషి ఒకే పద్దు కాదు. "ఎవరు, ఎప్పటి నుంచి, ఎంత, ఏ ఆధారంతో" అని మాత్రం రాయండి, తీర్పు మీరు ఇవ్వొద్దు. అసైన్డ్ భూములు చేతులు మారకూడదని 1977 చట్టం చెప్తుంది, కాబట్టి కొన్నవాడి కథ, మొదట పొందినవాడి కథ రెండూ వినండి. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణ తొలగించి గ్రామసభకు అప్పగించాలని 2011 జనవరి 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలకు చెప్పింది. భూమిలేని కూలీలకు, దళిత గిరిజనులకు ప్రభుత్వం ఇచ్చినవాటికి అందులోనే మినహాయింపు ఉంది. ఈ రెండో వాక్యం చదవకుండా మొదటిది పట్టుకొని ఊరి మీద పడేవాళ్ళతో జాగ్రత్త.

అంతా రాశాం. ఇప్పుడు ప్లాన్ ఎలా వేయాలి?

ఒక పెద్ద చార్టు మీద ఊరి నక్షా గీయండి. ముగ్గు, రంగులు, చింతగింజలతో నేల మీద వేసినా సరే, నాకు అదే ఇష్టం, అందరూ చుట్టూ చేరతారు. ప్రతి ముక్క దగ్గర నాలుగు మాటలు పెట్టండి: నేల ఏ తరగతి, నీళ్ళు ఎటు, ఎవరి వాడకం, పోతే ఎవరికి నష్టం. ఆ తర్వాతే ప్రకృతి వనమా, సోలారా, ఇండ్ల జాగాలా, ఈతవనమా అన్న మాట ఎత్తండి. చాలా మీటింగుల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు స్కీము వస్తుంది, తర్వాత దానికి జాగా వెతుకుతారు.

ప్రతి ముక్కకూ "ఉన్నది ఉన్నట్టు వదిలేద్దాం" అన్న ఎంపిక కూడా రాయండి. ఇది రాస్తే ఆఫీసులో చిరాకు పడతారు, పడనివ్వండి. ఇరవై ఎకరాల బంచరాయిలో ఎనిమిది ఎకరాలకు విడతలుగా మేత ఆపి గడ్డి పెరగనివ్వడం కూడా ప్లానే, దానికి శంకుస్థాపన శిలాఫలకం ఉండదు, అంతే.

ఎంత కాలం పడుతుంది? ఖర్చు?

ఒక ఊరికి రెండు సీజన్లు కావాలి, అంటే మృగశిర ముందు ఒక నడక, వానలు ఆగాక ఒక నడక. నడకలు, కాగితాలు కలిపి పదిహేను ఇరవై రోజుల పని. ఖర్చు నకళ్ళకు, నీటి టెస్టులకు, చాయ్‌కి. చాయ్‌కి తక్కువ పెట్టుకోకండి.

తయారైన లెక్కను ఎవరికివ్వాలి?

తహసీల్దారుకు ఒకటి, పంచాయతీకి ఒకటి, చెరువు ఉంటే నీటిపారుదల శాఖకు ఒకటి, అన్నింటికీ రసీదు తీసుకోండి. ఇంకొకటి బడిలో ఉంచండి. ఆఫీసు బీరువాల్లో కాగితాలు మాయమైన సందర్భాలు చూశాను. బడి గోడ మీద పిల్లలతో వేయించిన నక్షా మాత్రం ఒక ఊళ్ళో ఆరేళ్ళుగా ఉంది. కుంట ఉన్నచోట ఎవరో పిల్ల నీలం రంగు అయిపోయి ఆకుపచ్చ వేసింది. మొన్న కొత్తగా వచ్చిన అధికారి దాని ముందు నిలబడి, "ఇక్కడ తోట ఉందా?" అని అడిగితే, ఆరో తరగతి పిల్లలు "కాదు సార్, అది కుంట" అని ముగ్గురు ఒకేసారి చెప్పారు.